దేవుణ్ణి ‘నీవు’ అనవచ్చా?

సందేహం: మా చర్చిలో అందరూ ‘ప్రభువా, నీవు నాకు జ్ఞానం దయచేయుము’ అని ప్రార్థిస్తారు. మా అమ్మాయి ‘టీచర్‌ని మీరు అంటాం, దేవుణ్ణి నీవు అంటామా?’ అని అడుగుతోంది. ఏది సరైన తెలుగు?

సమాధానం: ‘నీవు’ సరైనదే. అందులో అమర్యాద ఏమీ లేదు. బైబిలు మూలభాషలైన హీబ్రూ, గ్రీకుల్లో ఎదుట ఉన్నది ఒక్కరైతే, రాజైనా సరే, ఏకవచనమే. నాతాను ప్రవక్త దావీదు రాజును నిలదీసి ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. తెలుగు బైబిలు ఆ పద్ధతినే పాటించింది. మన భక్తి సాహిత్యానికీ అది కొత్త కాదు. పోతన గజేంద్రుడు ‘నీవే తప్ప నితఃపరం బెరుఁగ’ అనే మొరపెట్టుకున్నాడు.

మరి గౌరవం ఎక్కడుంది? క్రియలో ఉంది. ‘ఇవ్వు’ అనకుండా ‘దయచేయుము’ అంటున్నారు, చూడండి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో, జ్ఞానం కొదువైనవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన గద్దింపక అందరికీ ‘ధారాళముగ దయచేయువాడు’ అని ఉంది. అడిగేవాడికి ధైర్యమిచ్చే మాట అది. నాకెంతో ఇష్టమైన వాక్యం.

తనను తాను తగ్గించుకోవడం కూడా గౌరవమే. దేవుడు పిలిచినప్పుడు బాలుడైన సమూయేలు ‘నీ దాసుడు ఆలకించుచున్నాడు ఆజ్ఞయిమ్ము’ అన్నాడు. ‘నేను వింటున్నాను’ అంటే సరిపోయేది. కానీ తనను దాసుడన్నాడు, వినడాన్ని ఆలకించడం అన్నాడు, చెప్పమనకుండా ఆజ్ఞ ఇమ్మన్నాడు. ఇంత వినయం ఉన్నచోట ‘నీ’ ఎవరికైనా అమర్యాదగా వినిపిస్తుందా? అబ్రాహాము జవాబు ఇంకా చిన్నది: ‘చిత్తము ప్రభువా’. మీ ఇష్టమే నా ఇష్టం అని పెద్దల ముందు అనే మాట. పరలోక ప్రార్థనలో ‘నీ చిత్తము’ అన్నప్పుడూ ఇదే చిత్తం.

మీ అమ్మాయికి ‘మీరు’ అంటేనే మనసుకు దగ్గరగా ఉంటే సొంత ప్రార్థనలో అలాగే అననివ్వండి. ఈ తరం ఇళ్లలో నాన్ననూ ‘మీరు’ అంటున్నారు కదా, పిల్లకు అదే సహజం. అయితే క్రియ కూడా దానితోనే నడవాలి. ‘మీరు దయచేయండి’ సరే, ‘మీరు దయచేయుము’ తప్పు. మైకు ముందు టెన్షన్‌లో చాలామంది ఈ రెండూ కలిపేస్తారు.

వాక్యం చదివేటప్పుడు మాత్రం ‘నీవు’ను ‘మీరు’గా మార్చవద్దు. అక్కడ ‘మీరు’ అంటే నిజంగా బహువచనం. రాత్రివేళ తెలుసుకోవాలని వచ్చిన నీకొదేముతో యేసు ‘మీరు క్రొత్తగా జన్మింపవలెనని నేను నీతో చెప్పినందుకు ఆశ్చర్యపడవద్దు’ అంటాడు. ‘నీతో’ అంటే ఎదుట కూర్చున్న ఆ ఒక్కడితో. ‘మీరు’లో అతనితోపాటు మిగతావాళ్లూ ఉన్నారు. గౌరవం కోసమని ‘మీతో’ అని చదివితే ఆ తేడా పోతుంది.