పరోక్ష ఎన్నిక అంటే చాటు ఎన్నికా?

సందేహం: "అమెరికా అధ్యక్షుడిని ప్రజలే ప్రత్యక్షంగా ఎన్నుకుంటారు, మన రాష్ట్రపతిది మాత్రం పరోక్ష ఎన్నిక" అని ఒక వ్యాసంలో చదివాను. పరోక్షంలో మాట్లాడడమంటే మనిషి లేనప్పుడు చాటున మాట్లాడడమే కదా! పరోక్ష ఎన్నిక అంటే జనానికి తెలియకుండా జరిగేదన్న అర్థం రాదా? ప్రత్యక్షంగా ఎన్నుకోవడమే న్యాయమని ఆ మాటలే చెప్తున్నట్టు లేదా?

సమాధానం: మంచి సందేహం. అక్షి అంటే కన్ను. కంటికి ఎదురుగా ఉన్నది ప్రత్యక్షం, కంటికి అవతల ఉన్నది పరోక్షం. (అధ్యక్షుడిలోనూ ఈ కన్నే ఉంది, పైనుండి కనిపెట్టి చూసేవాడని అర్థం.) పరోక్షానికి మూలంలో చాటు, మోసం అనే అర్థాలు లేవు. "నా పరోక్షంలో ఏమన్నాడు?" లాంటి వాడుకల వల్ల ఆ నీడ పడింది. ప్రత్యక్షానికి మాత్రం మనం ఎప్పుడూ పెద్దపీటే వేశాం. దేవుడు ప్రత్యక్షమవుతాడు, తల్లిదండ్రులు ప్రత్యక్ష దైవాలు, సాక్షుల్లోనూ ప్రత్యక్ష సాక్షికే విలువ. ఇంత గౌరవమున్న మాటను ఎన్నిక పక్కన చేర్చగానే, వాదం మొదలు కాకముందే తీర్పు చెప్పేసినట్టు వినిపిస్తుంది. రాజ్యాంగ పరిభాషలో తేడా ఒక్కటే: ఓటరుకూ పదవికీ మధ్య ఇంకో ఓటరు ఉన్నాడా, లేడా?

ఆ లెక్కన మీరు చదివిన వాక్యమే తప్పు. అమెరికాలో జనం వేసే ఓటు 538 మంది ఎలక్టర్లను ఎంచడానికి. వారిలో 270 మంది మద్దతు దొరికినవారే అధ్యక్షులు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, ఎలక్టర్ల లెక్కలో డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. 2000లో అల్ గోర్‌కూ అదే జరిగింది. కాబట్టి అదీ పరోక్ష ఎన్నికే. కాకపోతే అక్కడి ఎలక్టర్లు ఈ ఒక్క పనికే ఎన్నికవుతారు. మన రాష్ట్రపతికి ఓటేసేది వేరే పనికి ఎన్నికైనవారు: 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయ సభల్లో, శాసనసభల్లో ఎన్నికైన సభ్యులు. నామినేటెడ్ సభ్యులకు ఈ ఓటు లేదు.

ఇక న్యాయమేదన్నది మాటలు తేల్చలేవు. రాజ్యాంగ సభలో కె.టి. షా వయోజన ఓటుతోనే రాష్ట్రపతిని ఎన్నుకోవాలని పట్టుబట్టారు. అసలు అధికారం మంత్రివర్గానిదైనప్పుడు, అధికారం లేని పదవికి దేశమంతా ఓటేయడం పొసగదని నెహ్రూ వాదించారు. నాకు నెహ్రూ వాదమే సబబుగా తోస్తుంది. కోట్ల ఓట్లతో గెలిచిన మనిషి ప్రధాని సలహాకు కట్టుబడి ఉండాలంటే రోజూ పేచీయే. అయితే ఐర్లండ్‌లో నామమాత్రపు అధ్యక్ష పదవికీ ప్రజలే ఓటేస్తారు, ఆ దేశం నడుస్తూనే ఉంది. అందువల్ల దీన్ని సార్వత్రిక సూత్రమనను. అధ్యక్షుడే పాలించే చోట మాత్రం నాకు రెండో మాట లేదు. ఫ్రాన్స్ 1962లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి మధ్యవర్తి ఓటర్లను తొలగించింది. 1965 నుంచి అధ్యక్షుడిని ప్రజలే ఎన్నుకుంటున్నారు. అధికారం చేతిలో ఉన్నవాడు అడగవలసింది ప్రజలనే.

చట్టం గురించి రాసేటప్పుడు ప్రత్యక్ష, పరోక్ష ఎన్నికలనే రాయండి, అవి స్థిరపడిన మాటలు. వాదించేటప్పుడు మాత్రం "ప్రజల ఓటుతో ఎన్నిక", "ప్రతినిధుల ఓటుతో ఎన్నిక" అనండి. మీ వ్యాసకర్త వాక్యం అప్పుడు ఇలా ఉంటుంది: "అమెరికా అధ్యక్షుడిని ప్రజలు ఎంచిన ఎలక్టర్లు, మన రాష్ట్రపతిని పార్లమెంటుకూ శాసనసభలకూ ఎన్నికైన సభ్యులు ఎన్నుకుంటారు."