చిన్నీకి, అయిదు రెగట్టాల ముందు

చిన్నీ,

"అయిదు రెగట్టాలు ఉన్నాయి, ఏం చేస్తే గెలుస్తాను అత్తా?" అని అడిగావు, ఈ తెరచాప పడవల పోటీల గురించి. గెలవడం గురించి నాకంత తెలీదు. చేజేతులా ఎలా ఓడిపోవచ్చో మాత్రం ఎంతసేపైనా చెప్పగలను, అందులో నాది ముప్పై ఏళ్ల అనుభవం.

నీ వయసులో ఒక మూడు రోజుల పోటీకి వెళ్లాను. రెండు రోజులు బాగానే నెట్టుకొచ్చాను. మూడో రోజు మొదటి మార్క్, అంటే చుట్టి రావాల్సిన తేలే గుర్తు, దాటేదాకా ఏమీ తెలీలేదు. ఆ తర్వాత పడవకి బద్ధకం పట్టుకుంది. టాక్ చేయబోతే, అంటే ముక్కుని గాలి మీదుగా అవతలి వైపుకి తిప్పబోతే, తిరగదు, అల ఎక్కితే దిగదు. తెరచాప తాడు లాగాను, వదిలాను. ముందుకి జరిగి కూర్చున్నాను, వెనక్కి జరిగాను. ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. ఒడ్డుకొచ్చి ట్రాలీ మీదికి ఎక్కించబోతే నలుగురు పట్టినా లేవలేదు. వంగి చూస్తే పడవ వెనక పలకలో, కింద, వేలు దూరేంత కన్నం. దాని ప్లగ్ నా లైఫ్ జాకెట్ జేబులో భద్రంగా ఉంది, రేసంతా నాతోనే తిరిగింది. ముక్కు పైకెత్తి పట్టుకుంటే ఆ కన్నంలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఎంతకీ ఆగవే!

నీకిది ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు చిన్నపిల్లల పడవ ఆప్టిమిస్ట్ వదిలి ఇప్పుడే దానికంటే పెద్ద పడవ ఐఎల్‌సీఏ 4కి వచ్చావు. ఆప్టిమిస్ట్‌లో నీళ్లు కాళ్ల దగ్గరే కనిపిస్తాయి, తోడి పోసుకోవచ్చు. ఈ పడవలో నీళ్లు పొట్టలోకి పోయి దాక్కుంటాయి. అందుకని దింపేముందు ప్లగ్ ఉందో లేదో కంటితో చూసి ఊరుకోకు, వేలితో తడిమి చూడు. అలాగే చుక్కాని పైకి జారకుండా పట్టే క్లిప్పు, డాగర్‌బోర్డుకి (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) కట్టిన తాడు. పడవ బోల్తా పడినప్పుడు ఈ రెండూ సరిగ్గా లేకపోతే నువ్వొక దారిన, చుక్కాని ఒక దారిన.

ఇక లెక్క. మొదట వచ్చిన పడవకి 1, రెండో పడవకి 2, అలా. చివరికి ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లదే గెలుపు. అరవై పడవలున్న పోటీలో అనర్హత పడితే 61 పాయింట్లు. ఒక పిల్ల అయిదు రేసుల్లో 1, 2, 1, 61, 61 తెచ్చుకుంది అనుకో. ఇంకో పిల్ల 7, 9, 6, 11, 8. ఒక్కొక్కరి లెక్కలోంచి అన్నిటికంటే చెడ్డ రేసు ఒకటి తీసేస్తే మొదటి పిల్లకి 65, రెండో పిల్లకి 30. మూడు రేసుల్లో ముందు వరసలో మెరిసిన అమ్మాయి, ఒక్కటీ గెలవని అమ్మాయికి ఎంత వెనకబడిందో చూడు. ఈ వేసవంతా నువ్వు భయపడాల్సింది ఆ 61కే. అది ఎక్కువగా స్టార్ట్ దగ్గరే వచ్చి పడుతుంది కాబట్టి స్టార్ట్ గురించే ఎక్కువ రాస్తాను.

స్టార్ట్‌కి ఇంకా 5 నిమిషాలుండగా క్లాస్ జెండా, అంటే మన రకం పడవల జెండా, ఎగురుతుంది. 4 నిమిషాలకి రెండో జెండా. 1 నిమిషానికి అది దిగుతుంది, సున్నాకి క్లాస్ జెండా దిగుతుంది. హారన్ మోగకపోయినా జెండా కదిలిందంటే లెక్క మొదలైనట్టే, వాచీని జెండాకే కలుపు. ఆ రెండో జెండా ఏదో చూడటం మాత్రం మర్చిపోకు. నీలం మీద తెల్ల చతురస్రం ఉంటే పీ. స్టార్ట్ లైన్ ముందే దాటినా వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎరుపు తెలుపు నాలుగు గళ్లుంటే యూ. చివరి నిమిషంలో లైన్‌కీ మొదటి మార్క్‌కీ మధ్య త్రికోణంలో కనిపించావా, విచారణ కూడా లేకుండా 61. జనరల్ రీకాల్ అయితే, అంటే అందరినీ వెనక్కి పిలిస్తే, మళ్లీ బయల్దేరే అవకాశం ఉంటుంది. రెండో జెండా నల్లదైతే ఆ దయ కూడా లేదు. యూ, నల్ల జెండాలున్న రోజు వీరత్వం పక్కన పెట్టు. రెండో వరసలో బయల్దేరినా పదిహేనో స్థానం దొరుకుతుంది.

లైన్ సమంగా ఉందా లేదా అన్నది ముందే చూసుకో. లైన్ మధ్యకి వెళ్లి తెరచాప వదిలేసి, ముక్కు నేరుగా గాలికి ఎదురు పెట్టు. ముక్కు ఏ చివరవైపు మొగ్గితే ఆ చివర గాలికి దగ్గరగా ఉన్నట్టు. అయితే అది అందరికీ తెలుసు, ఆ చివర సంతలా ఉంటుంది. నేనైతే అక్కణ్ణించి పది పడవల దూరం జరిగి మొదలుపెడతాను. కాస్త నష్టమే, కానీ ఊపిరాడుతుంది.

ఇంకోటి. లైన్‌కి ఒక చివర ఉండే, పోటీ నడిపేవాళ్ల కమిటీ పడవ దగ్గర నిలబడి, అవతలి చివర నీళ్లలో తేలే బోయా మీదుగా చూపు సారించు. దాని వెనక ఒడ్డున ఏదో ఒకటి, చెట్టో స్తంభమో, సూటిగా కనిపిస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకో. మధ్యలో ఉన్నవాళ్లకి లైన్ ఎక్కడుందో తెలీక భయంతో వెనకే ఆగిపోతారు, వరసంతా మధ్యలో వంగిపోతుంది. నీకు ఆ చెట్టు కనిపిస్తోంది కాబట్టి వాళ్లకంటే ఒక పడవ పొడవు ముందుండొచ్చు. ఇవన్నీ పనికి రావాలంటే పడవని ఒక్కచోట నిలబెట్టడం రావాలి. రోజూ ఒక బోయా పక్కన జారిపోకుండా ఒక నిమిషం నిలబెట్టి చూడు. మొదట్లో ఏడుపొస్తుంది.

ఎదురుగాలికి వెళ్లేటప్పుడు రేసు ప్రాంతం మూలలకి పారిపోకు. ఒకసారి అంచుకి చేరాక గాలి ఎటు తిరిగినా నీకు ఒరిగేదేమీ ఉండదు. మూలకి పోయి ఒకడు గెలిస్తే ఆ కథే అందరూ చెప్పుకుంటారు, పోయి మునిగిన పదిమంది గురించి ఎవరూ చెప్పరు.

పోర్ట్ మీద (గాలి ఎడమ నుంచి తగులుతూ) వస్తూ స్టార్‌బోర్డ్ పడవకి (గాలి కుడి నుంచి తగిలేది) అడ్డం పడ్డావనుకో, తప్పు నీదే అని తెలిస్తే వెంటనే పక్కకి తప్పుకుని రెండు చుట్లు తిరిగెయ్. మార్క్ తగిలితే ఒక చుట్టు చాలు. చుట్టు తిరిగితే అయిదారు పడవలు పోతాయి. తిరక్కుండా ఒడ్డున వాదించి ఓడిపోతే మళ్లీ అదే 61. తప్పు అవతలివాళ్లదైతే అప్పటికప్పుడు "ప్రొటెస్ట్" అని గట్టిగా కేక వెయ్. 6 మీటర్లకి లోపు పడవ కాబట్టి ఎర్రజెండా అక్కర్లేదు, నోరుంటే చాలు. ఆ నోరు నీకు ఉంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్కలన్నీ మర్చిపో. 1988 ఒలింపిక్స్‌లో బుసాన్ దగ్గర, ఒక్కరే నడిపే ఫిన్ రకం పడవలో కెనడాకి చెందిన లారెన్స్ లెమ్యూ రెండో స్థానంలో ఉన్నాడు. గాలి విపరీతంగా ఉంది. పక్కనే వేరే రేసులో సింగపూర్ జట్టు పడవ బోల్తా పడి ఇద్దరూ నీళ్లలో ఉన్నారు. రేసు వదిలేసి వెళ్లి వాళ్లని పైకి లాగాడు. ఆ రేసుకి అతనికి రెండో స్థానమే ఇచ్చారు. ఆపదలో ఉన్నవాళ్లకి చేతనైన సాయం చేయాలన్నది మన నియమాల పుస్తకంలో మొట్టమొదటి నియమం. దగ్గర్లో ఎవరైనా తలకి బూమ్ (తెరచాప కింది కర్ర) తగిలి నీళ్లలో తేలుతుంటే, రెస్క్యూ పడవ వస్తుందిలే అనుకోకు.

మిగతావి చిన్నవి. గాలి కోసం నీళ్ల మీద గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తుంది, మంచినీళ్ల సీసా పడవకి కట్టుకో, టోపీకి తాడు పెట్టుకో. సాయంత్రం ఒక నోటుపుస్తకంలో గాలి ఎటు నుంచి మొదలై ఎటు తిరిగిందీ, ఒక్కో స్టార్ట్‌లో ఎక్కడున్నదీ రాసుకో. రెండో రోజు మధ్యాహ్నం గాలి కూడా చాలాసార్లు మొదటి రోజులాగే తిరుగుతుంది, రాసుకున్నవాళ్లకే అది తెలుస్తుంది.

మొదటి పోటీ అయ్యాక ఫోన్ చెయ్. ఎన్నో స్థానం వచ్చిందో తర్వాత చెబుదువుగాని. ముందు ఆ చెట్టు కనిపించిందో లేదో చెప్పు.

అత్త