బ్లూబెర్రీకి కాపా, పంటా?

సందేహం: కెనడాలోని నోవా స్కోషియాలో ఉంటున్నాం. ఈ ఆగస్టులో ఇక్కడ అడవి బ్లూబెర్రీలు విపరీతంగా వచ్చాయి. "ఈ ఏడు అడవి బ్లూబెర్రీస్‌ల పంట బాగా పండింది, రెండు బకెట్లు కోశాం" అని ఒక వ్యాసంలో రాశాను. 'ఎవరూ నాటని దానికి పంట ఏమిటి, కాపు అనాలి. కత్తి పట్టకుండా కోయడమేమిటి, ఏరడం అనాలి' అని మిత్రుడొకరు దిద్దారు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మొదటి దిద్దుబాటులో మీ మిత్రుడిది ముప్పాతిక వంతు ఒప్పు. రెండోదాంట్లో మీరే నయం.

కాయు, పండు అనే క్రియలు ఎప్పుడూ పక్కపక్కనే తిరుగుతాయి గాని వాటి పనులు వేరు. చెట్టు కాస్తుంది, కాసింది పండుతుంది. కాయు నుంచి కాయ, కాపు వచ్చాయి. మరచు నుంచి మరపు, చూచు నుంచి చూపు వచ్చిన దారే అది. పండు నుంచి పంట వచ్చింది, వండు నుంచి వంట వచ్చినట్టే. తమిళంలో 'కాయ్' అంటే కాయడమూ, పచ్చికాయా రెండూ. పండుకు అక్కడ 'పళం', కన్నడంలో పకారం హకారమై 'హణ్ణు'. ఈ జంట చాలా ద్రావిడ భాషలకు ఉమ్మడి ఆస్తి. ఎండ కాయడం, కావలి కాయడం వేరే ధాతువులు. తమిళంలో కావలి ధాతువు 'కా'గా విడిగానే మిగిలింది, మన దగ్గర మూడూ ఒకే రూపంలోకి వచ్చి కలిశాయి. అందుకే ఎండా కాస్తుంది, చెట్టూ కాస్తుంది, చెట్టు కింద కూర్చుని మనమూ కాపు కాస్తాం. తల పండడం, నోము పండడం, గోరింట పండడం ఇక్కడ అప్రస్తుతం.

అసలు కీలకం ప్రేరణార్థకంలో ఉంది. రైతు 'పండించాడు' అంటాం, 'కాయించాడు' అని ఎంత వెతికినా అరుదుగా గాని వినపడదు. పంట అన్నప్పుడు వెనక పండించిన చెయ్యి ఒకటి ఉంటుంది. కాపులో ఆ చెయ్యి కనిపించదు. తొలికాపు, చివరికాపు, ఈ ఏటి కాపు అనేవన్నీ చెట్టు లెక్కలే. తోటలోని చెట్టుకు కూడా కాపే అంటాం కదా అని మీరు అడగవచ్చు. నిజమే. తోట రైతు నీళ్లు పెడతాడు, ఎరువు వేస్తాడు. అయినా కాసేది చెట్టే అన్న స్పృహను భాష వదులుకోలేదు.

ఈ కొలతతో మీ బ్లూబెర్రీని చూద్దాం. 1916కు ముందు లోకంలో అమ్మకానికి వచ్చిన బ్లూబెర్రీ దాదాపు అంతా అడవి కాపే. ఆ ఏడు అమెరికాలోని న్యూజెర్సీలో తోట రైతు ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ కలిసి అడవి నుంచి ఎంచి పెంచిన ఎత్తు పొదల పళ్లు మొదటిసారి సంతకెక్కాయి. దుకాణాల్లో కనిపించే లావుపాటి బ్లూబెర్రీలు చాలావరకు ఆ సంతతి. వాటికి పంట అన్నా ఎవరూ తప్పు పట్టరు. మీరు చెప్పేవి పొట్టి పొదలవి. జానెడు నుంచి మూరెడు ఎత్తు, అమెరికాలోని మెయిన్, కెనడాలోని క్విబెక్, న్యూ బ్రన్స్‌విక్, మీ నోవా స్కోషియాల్లోని పులుపు (ఆమ్ల) నేలల్లో, కాలిపోయిన అడవి చోట్ల, రాతి బయళ్ల మీద వాటంతటవే పరుచుకుంటాయి. భూమిలోపల కాండం పాకుతూ పోయి, ఒక్క మొక్కే కొన్ని మీటర్ల మేర అల్లుకుంటుంది. పక్కపక్క మడుల్లో ఒకచోట పళ్లు నల్లగా పుల్లగా, ఇంకోచోట లేతనీలంగా తియ్యగా ఉండటానికి కారణం అవి వేరువేరు మొక్కలు కావడమే. బకెట్టు దించే ముందు నాలుగు మడుల్లో ఒక్కో పండు కొరికి చూసి చోటు ఎంచుకోవడం తెలివైన పని.

చిక్కల్లా ఇక్కడే. ఇవే పొదలున్న పొలాలను అక్కడి రైతులు రెండేళ్లకోసారి కాలుస్తారు లేదా నేలమట్టంగా కోస్తారు. మొదటి ఏడు కొత్త కొమ్మలు, రెండో ఏడు పూత, పళ్లు. పూత వేళకు తేనెపెట్టెలు తెచ్చి పెడతారు. విత్తనం వేయలేదు, మొక్క నాటలేదు, అయినా వెనక చెయ్యి ఉంది. కాబట్టి రైతు పొలమైతే 'పంట' అన్నా నేను ఎర్రసిరా ఎత్తను. ఆ పంటకు యజమాని ఉంటాడు, అడిగి గాని అడుగు పెట్టకూడదు. ఊరి బయట రాతిబయలులో దొరికినవైతే 'కాపు' అనే రాయండి. మీవి ఎక్కడివో ఉత్తరంలో చెప్పలేదు గనుక ఇంతకు మించి తేల్చలేను.

'బాగా పండింది' కన్నా 'విరగకాసింది' అంటే మీ భావం సూటిగా పలుకుతుంది. కొమ్మ విరిగేంతగా కాయడమని అర్థం. జానెడు పొద విరగదు, బరువుకు నేలకు వంగుతుంది, అయినా నుడికారం చెల్లుతుంది. మన పత్రికలు ఇంత చక్కని క్రియను అటక మీద పడేసి 'బంపర్ క్రాప్' అంటున్నాయి. ఈ విరగకాత ఒక్క వేసవిలో తేలేది కాదు. మొగ్గలు ముందటేడు వేసవి చివరే కడతాయి. చలికాలంలో మంచు దుప్పటి కప్పి ఉండాలి, లేకుంటే పైకి తేలిన మొగ్గలు గాలికి మాడతాయి. మే చివర, జూన్ మొదట్లో గంటల్లాంటి తెల్లని పూలు విచ్చినప్పుడు గడ్డమంచు పడకూడదు, తేనెటీగలు తిరగడానికి పొడి ఎండ కావాలి. తర్వాత కాయ ఊరడానికి వాన కావాలి. ఇన్నీ కలిసిన ఏడే మీరు చూసినది.

ఇక కోయడం. కత్తి లేనిదే కోత లేదన్నది మీ మిత్రుడి అపోహ. పూలను ఏ కత్తితో కోస్తున్నాం? ఏరడం అంటే కింద రాలినవాటిని తీసుకోవడం, లేదా మంచిచెడ్డలు వేరుచేయడం. ఆ రెండో అర్థంలో మాత్రం ఆయన మాట కొంత నిలుస్తుంది. ఒకే గుత్తిలో పచ్చికాయ, ఎర్రటి దోరకాయ, నీలిపండు కలిసే ఉంటాయి. గుత్తి కింద అరచెయ్యి పట్టి బొటనవేలితో మెల్లగా దొర్లిస్తే పండినవి రాలతాయి, దోరవి పట్టుకుని ఉంటాయి. లాగితే దోరవీ వచ్చేస్తాయి. తొడిమ చుట్టూ ఎర్రని వలయం ఉంటే ఇంకా పుల్లన. దాన్ని ముగ్గబెడదామనుకోకండి. ఇంట్లో రంగు తిరగవచ్చు గాని తీపి పెరగదు. కొనను అయిదు మొనల కిరీటం ఉందో లేదో చూడండి. ఆకుల్లేని కాడ చివర కిరీటం లేని నీలికాయలు నిలిచి, నేల దగ్గర వెడల్పాటి ఆకులుంటే అది బ్లూబీడ్ లిలీ. నోట పెట్టుకోవద్దు.

దువ్వెనలా పళ్లున్న తట్టతో పొదల నుంచి తీసేవాళ్ల పనికి సరైన మాట 'దూయడం'. రెమ్మ నుంచి ఆకు దూస్తాం, ఒర నుంచి కత్తి దూస్తాం. ఈ మాట ఉండగా 'రేకింగ్ చేశాం' ఎందుకో! తట్టను పొద అడుగున దూర్చి, పిడి వెనక్కి వంచి పైకెత్తాలి. ముందుకు ఈడిస్తే ఆకులు, రెమ్మలు ఊడివస్తాయి. (తట్టకూ పళ్లే, పొదకూ పళ్లే. పన్నుకూ పండుకూ బహువచనం ఒకటే కావడం వల్ల వచ్చిన తంటా ఇది. 'పండ్లు' అని రాసినా తప్పించుకోలేం, పన్నుకు అదీ ఉంది.) దూసినవాటిని గాలికి తూర్పారబట్టండి. మిగిలిన చెత్తకు, ఏటవాలు బల్ల మీద తడిబట్ట పరచి పళ్లను దొర్లిస్తే ఆకులు బట్టకు అంటుకుంటాయి.

పొద్దుటి మంచు ఆరాకే మొదలుపెట్టాలి. తడిగా మూటకడితే బూజు పడుతుంది. లోతైన బకెట్టులో అడుగు పళ్లు చితికి, ఆ రసంతో మిగతావి చెడతాయి. మీ 'రెండు బకెట్లు' చూసి నాకు భయమేసింది గాని, అది భాషాసందేహం కాదు. నడుముకు చిన్న డబ్బా కట్టుకుని, నిండగానే వెడల్పు పళ్లెంలోకి వంచుకోవాలి. పైనున్న బూడిదలాంటి పూత మైనం, తేమను పట్టి ఉంచుతుంది. కడిగితే పోతుంది గనుక తినే ముందే కడగండి. ఏడాదికి దాచాలంటే కడగకుండానే పళ్లెంలో ఒక్క వరసగా గడ్డకట్టించి, ఆ తర్వాత సంచిలో పోయండి. ఒకదానికొకటి అంటుకోవు.

'బ్లూబెర్రీస్‌ల' అన్నారు. ఇంగ్లీషు బహువచనం మీద తెలుగు బహువచనం ఎక్కించడం ఈ మధ్య ఒక అంటురోగమైంది. 'బ్లూబెర్రీల' చాలు. దాన్ని 'నేరేడు' అని అనువదించే ఆరోగ్య శీర్షికలను నమ్మకండి. రెండూ వేరు కుటుంబాలు, నేరేడులో ఒకే గింజ, దీంట్లో కనీకనిపించని సన్నగింజలు. 'నీలిపండు' అంటారా, మీ వ్యాసంలో మొదటిసారి వచ్చినచోట బ్లూబెర్రీ అని చెప్పి ఆ తర్వాత వాడుకోండి, అభ్యంతరం లేదు.