అర్ధరాత్రి ఆకలికి బండి మేలా, రెస్టారెంటు మేలా?

పెద్ద నగరంలో అర్ధరాత్రి దాటాక బయట తినవలసి వస్తే రోడ్డు పక్క బండిని నమ్మాలా, ఏసీ రెస్టారెంటును నమ్మాలా అని మీరు అడిగారు. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి, ఊరు సద్దుమణిగిన వేళ బయటే కడుపు నింపుకున్నవాడిగా నా ఓటు బండికే. తినబోయేదాన్ని ఎప్పుడు వండారు, వండినప్పటి నుంచి మన పళ్లెంలోకి వచ్చేదాకా దాన్ని ఎలా ఉంచారు అన్నవే చూసుకోవలసిన విషయాలు. బండి దగ్గర ఇవి కళ్లెదుటే ఉంటాయి. రెస్టారెంటులో తలుపు వెనక ఉంటాయి.

ఒక రాత్రి పని ముగించుకుని, నాతో పనిచేసే కుర్రవాడిని వెంటబెట్టుకుని అద్దాల తలుపుల రెస్టారెంటు ఒకదానికి వెళ్లాను. మూసే వేళ దగ్గరపడడంతో కుర్చీలను బల్లల మీదికి ఎక్కిస్తున్నారు. అతడు ఫ్రైడ్ రైస్ చెప్పాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్తూ సగం తెరిచి ఉన్న వంటింటి తలుపులోంచి చూస్తే, గోడ మూలన నేల మీద, మూత వారగా పెట్టిన పెద్ద గిన్నెలో అన్నం కనబడింది. పైపొర ఎండి బిరుసెక్కింది. వంటమనిషి గరిటె గుచ్చితే గడ్డలు గడ్డలుగా లేచిందే తప్ప లోపలి నుంచి కాస్త ఆవిరైనా రాలేదు. ఆ గడ్డలనే బాణలిలో చిదిమి, నూనె పోసి, పెద్ద మంట మీద నాలుగుసార్లు ఎగరేసి, పొగలు కక్కే పళ్లెం సిద్ధం చేశాడు. అది తినవద్దని నేను చెబితే, "అంత మంట మీద వేయించాక ఇంకేం మిగులుతుంది అన్నా!" అని నవ్వి, కుర్రవాడు పళ్లెం ఖాళీ చేశాడు. తెల్లవారకముందే అతడికి వాంతులు పట్టుకున్నాయి. పరీక్షలేవీ చేయించలేదు గానీ, కారణం ఆ గిన్నేనని ఇప్పటికీ నా గట్టి నమ్మకం.

బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండడం మామూలే, అవి ఉడికించినా చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే ఆ బీజాలు మేలుకొని, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల సెల్సియస్ వేడికి కూడా విరగదు కాబట్టి, మళ్లీ వేయించినప్పుడు బ్యాక్టీరియా చచ్చినా విషం అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి 6 గంటల లోపు వాంతులు మొదలవుతాయి. అందుకే వండినదాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగానైనా ఉంచాలి, లేదా త్వరగా చల్లార్చి 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లోనైనా పెట్టాలి.

నాకు చిరాకు తెప్పించేది పొడుగాటి మెనూ. నూరు రకాలు రాసిపెట్టిన వంటింట్లో అర్ధరాత్రి వేళ అవన్నీ అప్పటికప్పుడు వండుతారంటే నేను నమ్మను. ముందే వండి పెట్టుకున్నవాటిని కలిపి, వేడి చేసి పంపుతారు. ఫుడ్ యాప్‌లోని రేటింగ్ చుక్కలూ నాకు పనికిరావు, ఎందుకంటే రాత్రి ఎనిమిదింటికి తిన్నవాడు ఇచ్చిన చుక్కలు రెండింటికి తినే నాకు ఏమీ చెప్పవు. పైగా పార్శిల్ దారిలో ఎంతసేపు గోరువెచ్చగా తిరిగిందో ఎవరికీ పట్టదు.

బండి వాళ్లందరూ శుద్ధులని నేను అనను. రోజంతా మరిగి నల్లబడి, నురగ కడుతూ పొగ చిమ్మే నూనె కనబడితే అక్కడ నిలబడను. ముందే తరిగిపెట్టిన పచ్చి ఉల్లిపాయలనూ, ఎక్కడ పట్టారో తెలియని నీళ్లనూ ముట్టను. ఒకటి రెండు రకాలే అమ్ముతూ, అడిగాకే పొయ్యి మీద వేసే బండి అయితే ధైర్యంగా తింటాను. గత్యంతరం లేక రెస్టారెంటుకే వెళ్లవలసి వస్తే గుడ్డు వంటకం ఏదైనా చెప్పండి. గుడ్డును పచ్చిగా పగలగొట్టి అప్పటికప్పుడు వేయడమే సాధారణం కదా. పచ్చసొన పూర్తిగా గట్టిపడేదాకా ఉడికించమని కూడా చెప్పండి.