ఇంకా చీకటిగా ఉండగానే

ప్రశ్న: ఉద్యోగం పోయింది, ఇంట్లో అనారోగ్యం, వార్తలు పెడితే వరదలు, కార్చిచ్చులు. ఈస్టర్ అంటే ఆశ అంటారు, నాకు టెన్షన్ తప్ప ఏమీ కనిపించట్లేదు. ఇలాంటప్పుడు చెట్టూ చేమా గురించి ఏం పట్టించుకోను?

జవాబు: మీ బాధ చిన్నది కాదండీ. బైబిల్లో యోహాను సువార్త 20వ అధ్యాయం తీయండి: యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ ఇంకా చీకటిగా ఉండగానే ఆయన సమాధి దగ్గరికి వెళ్లింది, ఏడుస్తూ నిలబడింది, తిరిగి లేచి ఎదురుగా నిలబడ్డ యేసును తోటమాలి అనుకుంది. నాకు ఆ మాట ఎంతో ఇష్టం, ఎందుకంటే ఆ సమాధి ఉన్నది తోటలోనే, ఆశ ఆమెకు ఎదురైంది కన్నీళ్లు ఆరకముందే. రోమా పత్రిక 8:22లో అపొస్తలుడైన పౌలు కూడా సృష్టి అంతా మూలుగుతోందనే అంటాడు, కానీ దాన్ని ప్రసవ వేదన అంటాడు. లోకాన్నంతా మీరొక్కరే మోయనక్కర్లేదు. కూరగాయలు కడిగిన నీళ్లు వాడిపోయిన మొక్కకు పోయండి, కాసేపు అక్కడే నిలబడండి. కణుపు దగ్గర గోరంత చిగురు కనిపించిన రోజు నాకు తప్పకుండా రాయండి.