ఆ మాత్రలు బీరువాలోంచి తియ్యి తల్లీ

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఆరో నెలలో తెల్లబట్ట ఎక్కువై వాసన వస్తుంటే, ఎవరి తోడూ అడగకుండా ఒంగోలు వెళ్లి డాక్టరమ్మకు నోరు విప్పి చెప్పావంట. ఎంత సంతోషమేసిందో! అంతలోనే మాత్రలు బిడ్డకు పడవేమోనని బీరువాలో పెట్టేశావనీ, మెడికల్ షాపులో దొరికే వాష్‌తో సరిపెట్టుకుంటానన్నావనీ చెప్పింది. ఇంక రాత్రంతా నాకు నిద్ర లేదు.

నీకొచ్చింది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. శుభ్రత లేక వచ్చింది కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. యోని లోపల లాక్టోబాసిలస్ అనే మంచి సూక్ష్మజీవులు తగ్గిపోయి, గార్డ్‌నెరెల్లా లాంటివి పెరిగితే తెల్లబట్ట పల్చగా, బూడిద రంగులో అవుతుంది, చేపల నీచు కొడుతుంది. సబ్బూ, డెటాలూ, సెంటు వాషూ లోపల పోస్తే మిగిలిన ఆ కాస్త మంచివీ పోతాయి. బయట మామూలు నీళ్లు చాలు.

నీచు అనగానే నాకు జువ్వలదిన్నె వైపు నర్సమ్మగా తిరిగిన రోజులే గుర్తొస్తాయి. అక్కడ చేపల గంప మోసే పిల్ల ఒకతి, తొలి చూలు. బీపీ చూద్దామని నేను దగ్గరికి పోతే, ఖాళీ గంపను కాలితో తన పక్కకు లాక్కునేది. వాసన గంపదే అనుకోవాలని! ఇంట్లో రోజూ డెటాల్ నీళ్లతో లోపలంతా కడుక్కునేది. ఏడో నెలలో ఏడుస్తూ చెప్తే కావలి ఆసుపత్రికి పంపాను. మందు రాశారు. మూడు రోజులకే వాసన తగ్గింది. తగ్గింది కదా అని మిగతా మాత్రలు మళ్లీ వస్తే పనికొస్తాయని పోపుల పెట్టెలో దాచింది. వాసన మళ్లీ వచ్చింది, మళ్లీ డెటాలే. ఎనిమిదో నెల మొదట్లో ఒక రాత్రి ఉమ్మనీరు పోయింది. బిడ్డ రెండు కిలోలు కూడా లేదు, నెల్లూరులో అద్దాల పెట్టెలో పెట్టారు. బతికింది, దేవుడి దయ.

ఆ జబ్బువల్లే అలా అయిందని నేను చెప్పలేను, వేరే కారణాలూ ఉంటాయి. మందు వేసుకున్నంత మాత్రాన నెలలు నిండుతాయని హామీ ఇవ్వడమూ కుదరదు. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఉమ్మనీరు ముందే పోవడం, 37 వారాలు నిండకుండానే కాన్పు రావడం ఎక్కువ. నీ ఇబ్బంది తగ్గాలన్నా మందే సరైన దారి.

నీకు రాసింది మెట్రోనిడజోల్ అని మీ అమ్మ చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి ఇస్తున్న మందే అది. మామూలుగా రెండు పూటలా, ఏడు రోజులు. అన్నం తిన్నాకే వేసుకో. నోరు ఇనుము నాకినట్టుంటుంది, కడుపులో తిప్పుతుంది. వాంతయితే డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి, నీ అంతట నువ్వు ఆపకు. క్లిండమైసిన్ అని ఇంకో మందు ఉంది, పడకపోతే అది రాస్తారు. షాపతను మెట్రోనిడజోల్ బదులు టినిడజోల్ ఇస్తానంటే మాత్రం వద్దను, గర్భిణులకు అది వాడరు. ఆ వారం అల్లుడిని దూరంగా పడుకోమను.

తగ్గాక మళ్లీ రావడం ఈ జబ్బులో మామూలే. వస్తే మళ్లీ చూపించుకో, పాత చీటీతో మందు కొనకు. తెల్లబట్ట పెరుగులా గడ్డలుగా అయి దురద పెడితే అది ఫంగస్, దాని మందు వేరు. నీరు కారినా, పొత్తికడుపు మాటిమాటికీ బిగిసినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా తెల్లారనీలే అనుకోకు, 108కి ఫోన్ చెయ్యి.

కోప్పడ్డాననుకోకమ్మా. చిన్నప్పుడు జ్వరమొస్తే నా ఒళ్లోనే మందు మింగేదానివి. మీ అత్తగారు మాత్రలంటే భయపడుతున్నారంటగా, ఆదివారం వచ్చి ఆమెతో నేనే మాట్లాడతాను. అప్పటిదాకా ఆగొద్దు, ఈ రాత్రి అన్నం తిన్నాక మొదటిది వేసుకో.

మీ పెద్దమ్మ