రక్తంలో మాంసకృత్తా?

సందేహం: సెప్సిస్ మీద పరిశోధన గురించిన వ్యాసంలో ‘సి-ప్రతిచర్యాత్మక మాంసకృత్తు’ అని చదివాను. రక్తంలో ఉండేదాన్ని మాంసకృత్తు అనవచ్చా? ఆ ‘సి’ ఏమిటి? సెప్సిస్ అంటే మనం ‘సెప్టిక్ అయింది’ అంటామే, అదేనా?

సమాధానం: మాంసకృత్తు అనడం తప్పు కాదండి. ‘కృత్’ అంటే చేసేది. మాంసాన్ని, అంటే కండను చేసేది మాంసకృత్తు. అందుకే కందిపప్పులో మాంసకృత్తులు ఉంటాయని బళ్లో చదువుకున్నాం. కానీ ఇది తిండిని దృష్టిలో పెట్టుకుని పుట్టిన మాట. మీరడిగిన పదార్థం కండ పెంచేది కాదు, సూక్ష్మజీవులకు అతుక్కుని వాటిని పట్టించేది. ఇక్కడ ప్రొటీన్ అంటేనే బాగుంటుంది. వంటింట్లో కూడా ఇప్పుడు ఆ మాటే వాడుతున్నాం.

ఇక ‘సి’. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తం నుంచి సీరం అనే తేట ద్రవాన్ని తీసి, న్యుమోకాకస్ బాక్టీరియా నుంచి వేరుచేసిన ఒక పదార్థంతో కలిపి చూశారు. తేటగా ఉన్న ద్రవంలో తెల్లటి మడ్డి కట్టింది. జబ్బు తగ్గాక తీసిన సీరంతో అలా కట్టలేదు. ఆ బాక్టీరియా పదార్థానికి వాళ్లు పెట్టుకున్న గుర్తు ‘సి’. దానితో చర్య జరిపేది కాబట్టి సి-రియాక్టివ్ ప్రొటీన్. విటమిన్ సి తో దీనికి సంబంధం లేదు.

ఈ పేరును నేనైతే అనువదించను. ‘ప్రతిచర్యాత్మక’ అని రాస్తే, ల్యాబ్ రిపోర్టు చేత్తో పట్టుకుని టెన్షన్ పడుతున్న మనిషికి అందులోని సి.ఆర్.పి. ఇదేనని ఎలా తెలుస్తుంది? పేరు అలాగే ఉంచి, ‘ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉన్నప్పుడు కాలేయం ఎక్కువగా తయారుచేసే ప్రొటీన్’ అని ఒక్క ముక్క చేరిస్తే చాలు.

మీ మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. కాలికి మేకు గుచ్చుకుని చీము పడితే ‘సెప్టిక్ అయింది’ అంటాం. సెప్టిక్, సెప్సిస్ రెండూ కుళ్లడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చినవే. కానీ డాక్టరు సెప్సిస్ అన్నప్పుడు చెప్పేది పుండు సంగతి కాదు. ఇన్ఫెక్షన్ మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసి ప్రాణం మీదికి తేవడం సెప్సిస్. 2016లో వైద్య నిపుణులు ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇదే. ‘రక్తం విషమవడం’ అన్నా ఈ పోరాటం సంగతి రాదు. కాబట్టి సెప్సిస్‌ను సెప్సిస్ అనే రాయండి. ‘సెప్టిక్ అయింది’ అని రాస్తే, పుండేగా, మందు రాస్తే మానుతుందిలే అని ఇంట్లోవాళ్లు ఆస్పత్రికి వెళ్లకుండా ఆగిపోతారు.